బడి పిల్లల్లో అలర్జీ, ఆస్తమా: ఒకే జాబితాలో ఇరుక్కున్న మూడు ప్రశ్నలు

బడి పిల్లల్లో అలర్జీలు, ఆస్తమా పెరిగిపోతున్నాయన్న మాట నలభై ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. అందులో నిజం ఉంది కానీ, అది అన్ని జబ్బులకూ అన్ని దేశాలకూ ఒకేలా వర్తించదు. కొన్ని దేశాల్లో ఆస్తమా పెరుగుదల ఎప్పుడో ఆగిపోయింది, కాస్త తగ్గింది కూడా. ఇంకొన్ని చోట్ల ఆలస్యంగా మొదలై పైకి ఎక్కింది. ఆహార అలర్జీలది మరో దారి. కారణాల దగ్గరికొచ్చేసరికి గందరగోళం ఇంకా ఎక్కువ. దుమ్ము, పొగ, పుప్పొడి, జలుబు, వంశం, ఊబకాయం, అతి శుభ్రత అన్నీ ఒకే జాబితాలో పక్కపక్కన కనిపిస్తాయి.

నిజానికి ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. జబ్బు అసలు మొదలవడానికి కారణమయ్యేవి కొన్ని. ఉన్న జబ్బును రేపెట్టేవి ఇంకొన్ని. రేగిన జబ్బు ప్రాణం మీదికి వచ్చేలా చేసేవి వేరే. ఈ మూడింటినీ కలిపి చెప్పడం వల్ల తల్లిదండ్రులు కనిపించిన ప్రతిదానికీ భయపడతారు. పాఠశాలలేమో ఇన్ని కారణాల్లో మన చేతిలో ఏముందిలే అని ఊరుకుంటాయి.

పిల్లికూతలను లెక్కపెట్టడం

1980ల దాకా ఏ దేశం లెక్క ఆ దేశానిదే. ఒకచోట డాక్టర్లు ఆస్తమా అని రాసే ఆయాసాన్ని మరోచోట బ్రాంకైటిస్ అని రాసేవారు. ఇంకోచోట పిల్లలను అసలు డాక్టర్ దాకా తీసుకెళ్లేవారే కాదు. అలాంటి లెక్కలను పక్కపక్కన పెట్టి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని తేల్చడం కుదరదు. 1991లో మొదలైన ఇంటర్నేషనల్ స్టడీ ఆఫ్ ఆస్తమా అండ్ అలర్జీస్ ఇన్ చైల్డ్‌హుడ్, పొట్టిగా ఐజాక్, ఈ చిక్కును సాదాసీదాగా విప్పింది. ‘నీకు ఆస్తమా ఉందా’ అన్న ప్రశ్న మీద ఆధారపడకుండా, ‘గత 12 నెలల్లో ఎప్పుడైనా ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా’ అని అన్ని దేశాల్లో ఒకేలా అడిగింది. మాటలు అందరికీ ఒకేలా అర్థం కావన్న అనుమానంతో చాలాచోట్ల లక్షణాలను వీడియోలో చూపించి మరీ అడిగింది. 6-7 ఏళ్ల పిల్లల తరఫున తల్లిదండ్రులు, 13-14 ఏళ్లవాళ్లు సొంతంగా జవాబులు రాశారు.

1998లో వెలువడిన తొలి విడత ఫలితాల్లో 13-14 ఏళ్ల పిల్లలే 4.6 లక్షల మందికి పైగా ఉన్నారు. 56 దేశాలు, 155 కేంద్రాలు. ఆస్తమా లక్షణాల్లో కేంద్రానికీ కేంద్రానికీ తేడా 20 రెట్ల దాకా కనిపించింది. బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్నిటికన్నా పైన ఉన్నాయి. ఇండోనేషియా, చైనా, గ్రీస్, ఇండియా, కొన్ని తూర్పు ఐరోపా దేశాలు అడుగున ఉన్నాయి. ఇంత తేడాకు జన్యువులొక్కటే కారణమని చెప్పడం అసాధ్యం. బతుకుతున్న తీరులో, పీల్చే గాలిలో, తినే తిండిలో, పసితనంలో ఒంటికి తగిలే సూక్ష్మజీవుల్లో ఏదో ఉండాలి.

ఐదు నుంచి పదేళ్ల తర్వాత వచ్చిన మూడో విడత మరింత ఆసక్తికరం. పైనున్న ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో టీనేజీ పిల్లల ఆస్తమా లక్షణాలు తగ్గాయి. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియాలోని కొన్ని ప్రాంతాల్లో పెరిగాయి. అంటే పైనున్నది కొంచెం దిగింది, కిందున్నది కొంచెం ఎక్కింది. ముక్కు అలర్జీ, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) మాత్రం ఇంకా ఎక్కువచోట్ల పెరుగుతూనే ఉన్నాయి, అదీ చిన్న వయసు పిల్లల్లో.

ఇదే సమాచారంలో అంతగా ప్రచారం కాని విషయం ఇంకోటి ఉంది. ఆస్తమా ఉన్నవాళ్ల సంఖ్య సంపన్న దేశాల్లో ఎక్కువ. కానీ ఉన్నవాళ్లలో తీవ్రమైన లక్షణాలు, అంటే నిద్ర చెడగొట్టే ఆయాసం, మాట పూర్తి చేయనివ్వని ఊపిరాడనితనం, ఆదాయం తక్కువున్న దేశాల్లోనే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26 కోట్ల మందికి పైగా ఆస్తమా ఉంది, ఆ ఏడాది సుమారు 4.55 లక్షల మంది దానివల్ల చనిపోయారు. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఆదాయం తక్కువున్న దేశాల్లోనే. జబ్బు ఎక్కువున్న పటం, జబ్బు చంపుతున్న పటం ఒకటి కాదు. మొదట చెప్పిన మూడు ప్రశ్నలను విడదీయాలనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఆహార అలర్జీలను ప్రశ్నపత్రంతో కొలవడం ఇంకా కష్టం, ఎందుకంటే తల్లిదండ్రులు అనుమానపడే వాటిలో చాలా భాగం పరీక్షలో నిలవవు. అందుకే మెల్‌బోర్న్‌లో ఏడాది పిల్లలకు ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ల ముందు ఆ ఆహారాన్నే కొద్దికొద్దిగా తినిపించి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. పది శాతం కన్నా ఎక్కువమందికి ఏదో ఒక ఆహారంతో నిజమైన అలర్జీ ఉంది. అందులో వేరుశనగ ఒక్కటే 3 శాతం. బ్రిటన్‌లో 1998 నుంచి 2018 వరకు ఆహారం వల్ల అనఫైలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ దాడి, వచ్చి ఆసుపత్రిలో చేరినవారి సంఖ్య లక్ష జనాభాకు 1.23 నుంచి 4.04కు పెరిగింది. పెరుగుదల 15 ఏళ్లలోపు పిల్లల్లోనే ఎక్కువ. అయితే అలా చేరినవారిలో చనిపోయేవారి శాతం అదే కాలంలో తగ్గింది.

మొదలయ్యేది బడికి చాలా ముందే

పుప్పొడి, గుడ్డు సొన, ధూళిపురుగుల విసర్జన వంటివి నిజానికి హాని చేసేవి కావు. కొందరి శరీరం వాటిని శత్రువులుగా పొరబడి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. అదే పదార్థం మళ్లీ తగిలితే మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. తుమ్ములు, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం దాని ఫలితాలే. ఆస్తమాలో ఊపిరితిత్తుల్లోని నాళాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. చిన్న కారణానికే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని దారి ఇరుకవుతుంది. బడి వయసు పిల్లల ఆస్తమాలో ఎక్కువ భాగానికి అలర్జీ నేపథ్యం ఉంటుంది, కానీ అందరికీ కాదు.

తల్లిదండ్రుల్లో ఎవరికైనా అలర్జీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. జన్యువులు ఏ దారిలో పనిచేస్తాయో చూపించిన ముఖ్యమైన ఆధారం 2006లో దొరికింది. చర్మం పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తయారీలో లోపమున్న పిల్లలకు ఎగ్జిమా బాగా ఎక్కువగా వస్తుందని తేలింది. ఎగ్జిమా ఉండి, పైగా ఈ లోపం ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా ఎక్కువే. ఊపిరితిత్తుల లోపలి పొరలో ఫిలాగ్రిన్ కనబడదు. మరి చర్మపు లోపం ఆస్తమాకు ఎలా దారితీస్తుంది? పగిలిన చర్మం గుండా లోపలికి చేరిన పదార్థాలకే శరీరం మొదట అలర్జీ నేర్చుకుంటుందన్నది ఇప్పుడు బలంగా ఉన్న వివరణ. పసితనంలో ఎగ్జిమా, తర్వాత ఆహార అలర్జీ, బడి వయసుకు ముక్కు అలర్జీ, ఆస్తమా. డాక్టర్లు అటోపిక్ మార్చ్ అనే ఈ వరుస ప్రతి పిల్లలోనూ ఇదే క్రమంలో నడవదు. కానీ బడిలో చేరే నాటికి ఈ ప్రయాణంలో చాలా భాగం అయిపోయి ఉంటుంది.

పరిసరాల పాత్రకు వస్తే, 1989లో డేవిడ్ స్ట్రాకన్ రాసిన రెండు పేజీల చిన్న వ్యాసాన్ని తలచుకోకుండా ముందుకెళ్లడం కష్టం. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాల్లో ఆయనకొక వింత కనిపించింది. ఇంట్లో అన్నలు, అక్కలు ఎక్కువున్న పిల్లలకు హే ఫీవర్, అంటే పుప్పొడి వల్ల వచ్చే ముక్కు అలర్జీ, తక్కువ. పెద్ద పిల్లల నుంచి సోకే ఇన్ఫెక్షన్లు రక్షణ ఇస్తున్నాయేమోనని ఆయన ఊహించారు. దానికే తర్వాత హైజీన్ హైపోథిసిస్ (శుభ్రత పరికల్పన) అన్న పేరు స్థిరపడింది. ఈ పేరు చేసిన మేలు కన్నా కీడే ఎక్కువేమో. చేతులు కడుక్కోకుండా వదిలేస్తే పిల్లలకు అలర్జీ రాదనే అర్థం జనంలోకి వెళ్లిపోయింది. ఆధారాలు చెబుతున్నది అది కాదు.

జర్మనీ ఉదాహరణ చూస్తే అర్థమవుతుంది. బెర్లిన్ గోడ కూలిన వెంటనే ఎరికా ఫాన్ మూటియస్ అనే పరిశోధకురాలి బృందం తూర్పున లైప్‌జిగ్, హాలె నగరాల పిల్లలను పడమటి మ్యూనిక్ పిల్లలతో పోల్చింది. తూర్పు నగరాల్లో గంధకపు పొగ దట్టంగా ఉండేది, కాబట్టి అక్కడే ఆస్తమా, అలర్జీ ఎక్కువుంటాయని అందరి అంచనా. ఫలితం తలకిందులైంది. తూర్పున బ్రాంకైటిస్ ఎక్కువ, కానీ ఆస్తమా, హే ఫీవర్ మ్యూనిక్‌లోనే ఎక్కువ. తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1991-92 నుంచి 1995-96 మధ్య లైప్‌జిగ్‌లో 9-11 ఏళ్ల పిల్లల్లో హే ఫీవర్ 2.3 శాతం నుంచి 5.1 శాతానికి చేరింది. ఆస్తమా మాత్రం కదల్లేదు. ఆ పిల్లలు పాత వ్యవస్థలో పుట్టి, మూడేళ్లు దాటాక కొత్త జీవన విధానంలోకి వచ్చినవారు. ముక్కు అలర్జీని నిర్ణయించే పరిస్థితులు ఆ వయసు తర్వాత కూడా పనిచేస్తాయి, ఆస్తమాను నిర్ణయించేవి అంతకుముందే తమ పని ముగించేస్తాయి అని పరిశోధకులు దాన్ని అర్థం చేసుకున్నారు.

అమెరికాలోని ఆమిష్, హటరైట్ సమాజాల పోలిక ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. రెండూ ఐరోపా నుంచి వలస వచ్చిన వ్యవసాయ సమాజాలే, వంశపరంగా దగ్గరివే. రెండు చోట్లా పిల్లల కుటుంబాలు పెద్దవే, పెంపుడు జంతువులు ఇంట్లో తక్కువే. ఆమిష్ కుటుంబాలు గుర్రాలతో, ఆవులతో పాతపద్ధతి సేద్యం చేస్తాయి, పశువుల కొట్టాలు ఇంటికి పక్కనే ఉంటాయి, పిల్లలు అందులోనే ఆడుకుంటారు. హటరైట్లది భారీ యంత్రాల సేద్యం, కొట్టాలు దూరంగా ఉంటాయి. 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం బడి పిల్లల్లో ఆస్తమా ఆమిష్‌లలో సుమారు 5 శాతం, హటరైట్లలో 21 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. ఆ దుమ్మును ఎలుకల ముక్కుల్లోకి పంపి చూస్తే ఆమిష్ దుమ్ము వాటికి ఆస్తమా రాకుండా ఆపింది, హటరైట్ దుమ్ము ఆపలేదు. అధ్యయనం చిన్నదే, ఒక్కో సమాజం నుంచి 30 మంది పిల్లలు. అయినా చెప్పే సంగతి మాత్రం నిక్కచ్చిగా ఉంది. రక్షణ మురికిలో లేదు. పసితనం నుంచే రకరకాల సూక్ష్మజీవులు నిత్యం తగులుతుండటంలో ఉంది.

ఇదే కాలంలో ఆహార అలర్జీల విషయంలో వైద్యుల సలహా ఒకటి పూర్తిగా తిరగబడింది. 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దని చెప్పింది. ఆధారం చాలదని 2008లో దాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది గిడియన్ లాక్ బృందం, బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లల కన్నా పదింతలు ఎక్కువని చూపించింది. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ చిరుతిండి పెట్టడం అలవాటు. దాన్ని పరీక్షించడానికే లీప్ ప్రయోగం జరిగింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 4 నుంచి 11 నెలల పసివాళ్లు 640 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టారు, రెండో జట్టుకు పూర్తిగా దూరం పెట్టారు. ఐదేళ్లు వచ్చేసరికి దూరం పెట్టినవారిలో 17.2 శాతానికి, తిన్నవారిలో 3.2 శాతానికి అలర్జీ వచ్చింది. 2024 నాటి తదుపరి పరిశీలనలో, టీనేజీకి చేరిన ఆ పిల్లల్లో కూడా తేడా నిలిచే ఉంది. ఐదేళ్ల తర్వాత వాళ్లు వేరుశనగ తిన్నా మానినా ఫలితం అంతే.

ప్రయోగశాలలో నెగ్గిన సలహా జనంలోకి వెళ్లాక అంతే బలంగా పనిచేస్తుందన్న హామీ లేదు. ఆస్ట్రేలియా 2016లో మార్గదర్శకాలు మార్చింది, తల్లిదండ్రులు వాటిని బాగానే పాటించారు. అయినా మెల్‌బోర్న్ పసివాళ్లలో వేరుశనగ అలర్జీ 3.1 శాతం నుంచి 2.6 శాతానికి మాత్రమే తగ్గింది. పైగా తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాళ్ల విషయంలో ఈ పని డాక్టర్ సలహాతోనే మొదలుపెట్టాలి. ఎవరికైనా సరే గింజలను గింజలుగా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి.

గర్భంలో ఉండగా తల్లి పొగ తాగడం, నెలలు నిండకుండా పుట్టడం, పసితనంలో జలుబు తెచ్చే రైనోవైరస్ వల్ల పదేపదే పిల్లికూతలు రావడం, ఇవీ తర్వాతి ఆస్తమాతో ముడిపడ్డవే. ఊబకాయం కూడా ఈ జాబితాలో ఉంది, కానీ అది పసితనంతో ఆగేది కాదు. బడి వయసులో బరువు పెరిగితే ఆస్తమా వచ్చే అవకాశం, వచ్చినదాన్ని అదుపు చేయడంలో కష్టం, రెండూ పెరుగుతాయి. పారాసిటమాల్, యాంటీబయాటిక్స్ మీద మోపిన నేరం మాత్రం అంత సులువుగా రుజువు కాదు. ఆస్తమా రాబోయే పిల్లలకే పసితనంలో జలుబులు, జ్వరాలు, ఛాతీ ఇబ్బందులు ఎక్కువ. అందుకని వాళ్లకే ఆ మందులు ఎక్కువ పడతాయి. మందు వల్ల జబ్బు వచ్చిందా, రాబోయే జబ్బు వల్ల మందు పడిందా అన్నది గుర్తుపట్టడం కష్టం.

రేపెట్టేవి: జలుబు, గాలి, తరగతి గది

బడిలో చేరిన పిల్లాడి విషయంలో పైన చెప్పిన వాటిలో మార్చగలిగింది బహుకొద్ది. ఆ వయసులో పట్టించుకోవాల్సింది జబ్బును రేపెట్టేవాటిని. వాటిలో అన్నిటికన్నా పెద్దది దుమ్మూ కాదు, పుప్పొడీ కాదు. మామూలు జలుబు. బడి పిల్లల్లో తీవ్రమైన ఆస్తమా దాడుల్లో అధిక భాగం వైరస్‌ల వెంట వస్తాయి, ముఖ్యంగా రైనోవైరస్ వెంట. కెనడాలో ఆస్తమాతో ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్యను వారాలవారీగా గీస్తే, ఏటా సెప్టెంబర్ మూడో వారం దగ్గర ఒక నిటారైన శిఖరం లేస్తుంది. వేసవి సెలవులు ముగిసి బళ్లు తెరిచిన రెండు మూడు వారాలకు అన్నమాట. ముందు బడి పిల్లలు, కొద్దిరోజులకు ఇంట్లోని చిన్నపిల్లలు, ఆ తర్వాత పెద్దవాళ్లు జబ్బు పడతారు. దక్షిణార్ధగోళంలో విద్యాసంవత్సరం మొదలయ్యే ఫిబ్రవరిలో ఇలాంటి శిఖరమే కనిపిస్తుంది. దీనికి వైరస్ ఒక కారణమైతే, సెలవుల్లో రోజువారీ ఇన్‌హేలర్ వాడకం సడలిపోవడం మరో కారణం. 2020లో కోవిడ్ కారణంగా బళ్లు మూతపడినప్పుడు చాలా దేశాల్లో పిల్లల ఆస్తమా దాడులు ఒక్కసారిగా పడిపోవడం ఈ లెక్కకు అనుకోకుండా జరిగిన పరీక్ష.

అలర్జీ పదార్థాలు కూడా బడిలో ఉంటాయి, ఇంట్లో లేనివి సైతం. స్వీడన్‌లో చేసిన పరిశీలనల్లో, ఇంట్లో పిల్లి లేకపోయినా పిల్లి అలర్జీ ఉన్న పిల్లలకు బడి మొదలవగానే ఆస్తమా పెరిగింది, అదీ పిల్లిని పెంచుకునే సహాధ్యాయులు ఎక్కువున్న తరగతుల్లో. పిల్లి నుంచి వచ్చే ప్రోటీన్ బట్టలకు అంటుకుని బడికి వస్తుంది. అమెరికా ఈశాన్యపు నగరాల్లో బడి దుమ్ము నమూనాలు పరీక్షిస్తే 99.5 శాతంలో ఎలుక అలర్జీ కారకం దొరికింది. అది ఎక్కువగా ఉన్న బడుల పిల్లల్లో లక్షణాలు ఎక్కువ, ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువ. దీన్ని చూసి తరగతుల్లో గాలి ఫిల్టర్లు పెట్టి, ఎలుకల నివారణ చేపట్టి మరో ప్రయోగం చేశారు. 2021లో వచ్చిన దాని ఫలితాల్లో పిల్లల లక్షణాలు గణనీయంగా తగ్గలేదు. ఎలుకల నివారణ చేపట్టని బడుల్లో కూడా ఎలుక అలర్జీ కారకం అదే సమయంలో తగ్గిపోవడం పోలికను దెబ్బతీసింది. అయినా ఖరీదైన ఫిల్టర్ కొనగానే పని అయిపోయిందనుకునే యాజమాన్యాలు ఈ ఫలితాన్ని చూడాలి.

గాలి కాలుష్యం మాత్రం మూడు ప్రశ్నల విభజనకు లొంగదు, మూడింటిలోనూ దూరుతుంది. 1993లో మొదలైన దక్షిణ కాలిఫోర్నియా పిల్లల ఆరోగ్య అధ్యయనం, వేర్వేరు కాలాల్లో పెరిగిన పిల్లల జట్లను వెంబడించింది. నిబంధనల వల్ల నైట్రోజన్ డయాక్సైడ్, సన్నని ధూళికణాలు తగ్గిన ప్రాంతాల్లో కొత్తగా ఆస్తమా వచ్చే పిల్లల రేటు కూడా తగ్గినట్లు 2019లో చూపించింది. అదే ఏడాది వచ్చిన మరో అంచనా, వాహనాల పొగలో ప్రధానమైన నైట్రోజన్ డయాక్సైడ్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 40 లక్షల మంది పిల్లలకు కొత్తగా ఆస్తమా వస్తోందని లెక్కకట్టింది. అందులో ఎక్కువమంది అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి లోబడిన గాలి పీలుస్తున్నవారే. 2021లో ఆ సంస్థ వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి 10కి దించింది. లండన్‌లో రద్దీ రోడ్డు దగ్గర నివసిస్తూ 2013లో తొమ్మిదేళ్లకే ఆస్తమాతో చనిపోయిన బాలిక మరణానికి గాలి కాలుష్యం దోహదం చేసిందని 2020 డిసెంబర్‌లో కరోనర్ (మరణ కారణాలను విచారించే అధికారి) తీర్పు ఇచ్చారు.

సిగరెట్ పొగ విషయంలో విధానానికీ ఫలితానికీ మధ్య సంబంధం ఇంకా సూటిగా కనిపిస్తుంది. స్కాట్లాండ్ 2006 మార్చిలో మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. అంతకుముందు ఆస్తమాతో పిల్లలు ఆసుపత్రుల్లో చేరడం ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుండేది. తర్వాత ఏటా 18 శాతం చొప్పున తగ్గింది. నిషేధం వర్తించింది పిల్లలు పెద్దగా వెళ్లని పబ్బులకు, పనిచేసే చోట్లకు. లాభం కనిపించింది బడి పిల్లల్లో, ఇంకా బడికి వెళ్లని చిన్నారుల్లో. బయట తాగలేని పొగ ఇంట్లో తాగుతారన్న వాదన అక్కడ నిలవలేదు.

వాతావరణ మార్పు పుప్పొడి కాలాన్ని సాగదీస్తోంది. 1990-2018 మధ్య ఉత్తర అమెరికాలో పుప్పొడి కాలం సుమారు 20 రోజులు పెరిగింది, పుప్పొడి పరిమాణం 21 శాతం ఎక్కువైంది. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన వచ్చినప్పుడు రైగ్రాస్ గడ్డి పుప్పొడి తేమకు పగిలి, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేంత సన్నని తునకలుగా మారింది. గంటల్లో వేలాదిమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరిగెత్తారు, పదిమంది చనిపోయారు. వచ్చినవారిలో చాలామందికి అప్పటిదాకా ఆస్తమా ఉందని తెలియదు, ముక్కు అలర్జీ మాత్రం ఉంది. వేసవి తుమ్ములేగా అని కొట్టిపారేసే ముక్కు అలర్జీని పట్టించుకోవాల్సిన కారణాల్లో ఇదొకటి. బడి పిల్లల్లో రాత్రి నిద్రను, పగలు చదువును చెడగొట్టడం రెండోది.

ప్రాణం మీదికి వచ్చే చోటు

ఆస్తమాతో చనిపోయిన పిల్లల్లో అందరిదీ తీవ్రమైన ఆస్తమా కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది జాగ్రత్త పడతారు. బ్రిటన్‌లో 195 ఆస్తమా మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన 2014 నివేదిక, వాటిలో సుమారు సగం మంచి వైద్యంతో ఆపగలిగినవేనని తేల్చింది. చనిపోయినవారిలో 23 శాతం మందికే దాడి వస్తే ఏం చేయాలో రాసిచ్చిన కాగితం ఉంది. ఉపశమన ఇన్‌హేలర్ ఎన్ని వాడారో లెక్క దొరికినవారిలో 39 శాతం మంది ఏడాదిలో పన్నెండుకు పైగా వాడారు. అంటే నెలకొకటి కన్నా ఎక్కువ.

అలా వాడటమే ప్రమాద సూచిక. ఉపశమన ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. మంట తగ్గించకుండా పొంగుతున్న పాల మీద నీళ్లు చల్లుతూ కూర్చోవడం లాంటిది. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అది వాడగానే ఉపశమనం తెలియదు, మానిన వెంటనే నష్టమూ తెలియదు. అందుకే పిల్లలు నీలం రంగు ఉపశమన ఇన్‌హేలర్‌ను ఇష్టపడతారు, రెండోదాన్ని మరిచిపోతారు. 2019లో అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ గినా, టీనేజీ పిల్లలకూ పెద్దలకూ ఒక్క ఉపశమన మందుతోనే నెట్టుకొచ్చే చికిత్సను ఇక సిఫారసు చేయబోమని ప్రకటించింది. 6-11 ఏళ్లవారికీ ఉపశమన మందు తీసుకున్న ప్రతిసారీ స్టెరాయిడ్ కూడా పడాలన్నది దాని సూచన. స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రులు జంకుతారు. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఎత్తు మీద దాని ప్రభావం ఉంది గానీ స్వల్పం, మామూలుగా సుమారు ఒక సెంటీమీటర్ తగ్గుదల. అదుపు తప్పిన ఆస్తమాకు పదేపదే మింగించాల్సి వచ్చే స్టెరాయిడ్ మాత్రలు చేసే నష్టం దీనికన్నా ఎక్కువ. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి పరికరం) లేకుండా పంపు నొక్కితే మందులో ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుందన్నది కూడా చాలా ఇళ్లలో ఇంకా తెలియని విషయం.

యవ్వనం దగ్గరపడేకొద్దీ చిత్రం మారుతుంది. చిన్న వయసులో ఆస్తమా మగపిల్లల్లో ఎక్కువ, యుక్తవయసు దాటాక ఆడపిల్లల్లో ఎక్కువ. చాలామందికి లక్షణాలు తగ్గుతాయి, తగ్గాయని మందు మానేస్తారు, కొందరికి మళ్లీ తిరగబెడుతుంది. తోటివాళ్ల ముందు ఇన్‌హేలర్ తీయడానికి సిగ్గు, సిగరెట్ లేదా వేపింగ్ పరిచయం, తల్లిదండ్రుల పర్యవేక్షణ సడలడం అన్నీ ఈ వయసులోనే కలుస్తాయి. ఆహార అలర్జీ ఉన్నవాళ్లలో అదుపులో లేని ఆస్తమా కూడా ఉంటే అనఫైలాక్సిస్ ప్రాణాంతకమయ్యే ముప్పు మరింత పెరుగుతుంది. ఇక్కడొక ఆశ్చర్యం. బ్రిటన్ లెక్కల్లో బడి వయసు పిల్లల ఆహార అలర్జీ మరణాలకు ఏకైక పెద్ద కారణం వేరుశనగ కాదు, ఆవుపాలు. పాల అలర్జీని పసిపిల్లల సంగతిగా, పెరిగితే పోయేదిగా చూడటం వల్ల పోని కొద్దిమంది విషయంలో ఏమరుపాటు ఎక్కువ.

అలాగని అనుమానం వచ్చిన ప్రతి ఆహారాన్నీ మాన్పించడం రక్షణ కాదు. రక్తంలో ఐజీఈ కనిపించినంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదు. ఆ ఆహారాన్ని నిక్షేపంగా తినే పిల్లల్లో కూడా పరీక్ష పాజిటివ్ వస్తుంది. యాభై పదార్థాల ప్యానెల్ పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చిన ప్రతి ఆహారాన్నీ కొట్టేస్తే పిల్లాడికి పోషణ లోపిస్తుంది. తినడం మానేసిన ఆహారానికే తర్వాత నిజమైన అలర్జీ పుట్టే ప్రమాదమూ ఉంది. ఫిన్లాండ్ 2008లో మొదలుపెట్టిన పదేళ్ల అలర్జీ కార్యక్రమం ఈ పంథాను వెనక్కి తిప్పింది. అనవసరమైన నిషేధాలు తీసేసి, తీవ్రమైన కేసుల మీద దృష్టి పెట్టింది. శిశు సంరక్షణ కేంద్రాల్లో, బడుల్లో ప్రత్యేక ఆహారం అడిగే పిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది.

పాఠశాలల పాత్ర ఈ మూడో ప్రశ్న దగ్గరే అన్నిటికన్నా పెద్దది. పిల్లాడి ఇన్‌హేలర్ ఆఫీసు గది బీరువాలో తాళం వేసి ఉంటే, మైదానంలో ఆయాసం వచ్చినప్పుడు అది అక్కడ ఉన్నా లేనట్లే. బ్రిటన్ చట్టం మార్చి 2014 అక్టోబర్ నుంచి బడులు అత్యవసర సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను, 2017 అక్టోబర్ నుంచి అనఫైలాక్సిస్‌కు వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్‌ను ప్రిస్క్రిప్షన్ లేకుండానే కొని పెట్టుకునే వీలు కల్పించింది. అయితే వాటిని ఆస్తమా లేదా అలర్జీ ఉందని ముందే తెలిసి, తల్లిదండ్రులు అనుమతించిన పిల్లలకు వాడాలన్నది నియమం. అమెరికాలో 2013 నాటి చట్టం ఇంకొంచెం ముందుకెళ్లి, బడికి ఉమ్మడిగా ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్‌కే అక్కడి పేరు) నిల్వ ఉంచుకునేలా రాష్ట్రాలను ప్రోత్సహించింది. దాని వెనుక ఒక లెక్క ఉంది. 2001-2003 మధ్య మసాచుసెట్స్ బడుల్లో ఎపినెఫ్రిన్ ఇవ్వాల్సి వచ్చిన 115 సందర్భాల్లో 24 శాతం, ఆ పిల్లలకు అలర్జీ ఉందని బడికి అప్పటిదాకా తెలియనివే.